గుట్టల దారిలో తేనెటీగలు లేస్తే గుర్రం మీదే ఉండాలా, దిగిపోవాలా?

గుట్టలబాట
అందరికీ నమస్తే. మేం నలుగురం ఆదివారాలు హన్మకొండ దగ్గరి ధర్మసాగర్ వైపు నుంచి దేవునూరు ఇనుపరాతి గుట్టల దాకా గుర్రాల మీద వెళ్తుంటాం. మొన్న ఒక మలుపులో రాతి చరియ కింద పెద్ద తేనెతుట్టెలు వరసగా కనబడ్డాయి. సంక్రాంతి అప్పుడు అక్కడ ఏమీ లేవు. మేం ఆగి చూస్తుండగానే ఒక తుట్టె మీద ఈగలన్నీ ఒకేసారి ఒళ్లు విదిల్చినట్టు కదిలాయి. ఆ కదలిక పై నుంచి కిందికి పాకి ఆగింది, మళ్లీ పాకింది. నా గుర్రం చెవులు నిక్కించి వెనక్కి అడుగేసింది. మెల్లగా తిరిగి వచ్చేశాం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నడిచే మనిషికైతే ఏం చేయాలో అందరూ చెబుతారు. గుర్రం మీద ఉన్నవాడు ఏం చేయాలి? దౌడు తీయించాలా, దిగి పగ్గం పట్టుకుని నడిపించుకు రావాలా, గుర్రాన్ని వదిలేసి మన దారి మనం చూసుకోవాలా? మాలో ఇద్దరు కొత్తగా నేర్చుకున్నవాళ్లు.

కాజీపేట_చిన్నోడు
సింపుల్ అన్నా. పక్కనే రిజర్వాయర్ ఉంది కదా, దూకెయ్. గుర్రానికి ఈత వచ్చు.

ఏటూరునాగారం_తేనె
నీళ్లల్ల దూకుడు సినిమాల బాగుంటది తమ్మీ. ఈగలు నీళ్ల మీదనే తిరుక్కుంట ఉంటయి. ఊపిరి కోసం తల ఎత్తంగనే ముక్కు మీద, పెదాల మీద కుడుతయి. మనం వదిలే ఊపిరే వాటికి గుర్తు. పైగా గుర్రంతోని నీళ్లల్ల దిగితే దాని కాళ్ల కింద నువ్వు పడుతవు.

గుట్టలబాట అన్నా, మీరు చూసింది కొండ తేనెటీగ. పుట్టల్ల, చెట్టు తొర్రల్ల ఉండే పుట్టతేనె వేరు, పొదల్ల చిన్న తుట్టె పెట్టే జుంటితేనె వేరు. ఆ రెండిటితోని ఇంత భయం లేదు. కొండ తేనెటీగ ఒకటే పెద్ద తుట్టె పెడుతది, అది కూడా బయటికే, ఎండకు గాలికి. దాని మీద ఈగలే పొరలు పొరలుగా తెర కట్టుకుని ఉంటయి. మీరు చూసిన ఆ కదలిక హెచ్చరిక. కందిరీగ దగ్గరికొచ్చినా అట్లనే చేస్తయి. ఒకసారి కదిలి ఆగితే మీ దారిన మీరు పోవచ్చు. ఆగకుండ కదులుతుంటే, కొన్ని ఈగలు లేచి మీ చుట్టూ తిరుగుతుంటే, ఇగ అక్కడ నిలబడొద్దు.

సంక్రాంతికి లేకపోవుడు కూడా మామూలే. మామిడి పూత, మోదుగు పూత, తర్వాత ఇప్ప పూత. పూతను బట్టి వస్తయి, పోతయి. కానీ ఎక్కడ పెట్టినయో మళ్లా అక్కడికే వస్తయి. రాయి మీద, పెద్ద కొమ్మ కింద, తెల్లగా అర్ధచంద్రం తీరుగ మైనం మరక కనబడ్డదంటే ఈగ లేకున్నా ఆ జాగ గుర్తుపెట్టుకోండి.

గుట్టలబాట
మైనం మరక సంగతి ఇప్పుడే వింటున్నాను అన్నా. మేం ఆగే మర్రిచెట్టు కింద అలాంటివి రెండు మూడు ఉన్నాయి! బంక అనుకున్నాం.

నుక్రా_వాలా
నేను పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పెడుత. మా నాయన కాలం నుంచి ఇదే పని. మీరు అడవిల భయపడుతున్నరు, మాకు ఊర్లనే భయం. ఫంక్షన్ హాళ్ల నీళ్ల ట్యాంకుల కింద, సెల్ టవర్లకు, పాత కమాన్లకు తుట్టెలు ఉంటయి. ఎవరూ తలెత్తి చూడరు.

హన్మకొండ అవతల ఒక బరాత్‌ల జరిగింది చెప్త. పెళ్లికొడుకు గుర్రం మీద, ముఖం మీదికి సెహ్రా (పూలతెర) కట్టుకుని. ముందల బ్యాండు, పటాకులు. ట్యాంకు కింద తుట్టె ఉన్నది, రాకెట్ పోయి దాని దగ్గర పేలింది. బ్యాండు ఆగేలోపల ఈగలు దిగినయి. గుర్రానికి అటొకడు ఇటొకడు కళ్లెం పట్టుకుని ఉన్నరు. వాళ్లు భయంతోని ఇంకా గట్టిగ పట్టుకున్నరు. గుర్రం నిలబడ్డకాడనే గుండ్రంగా తిరుగుతున్నది, పెళ్లికొడుకు జీను పట్టుకుని కేకలు. నేను పోయి పెళ్లికొడుకును నడుం పట్టి కిందికి గుంజి, కళ్లెం వదలుమన్న. గుర్రం ఒక్క దౌడులో రోడ్డు పట్టి పోయింది. తర్వాత చూస్తే మా గల్లీల, లాయం ముందల నిలబడ్డది. మూతి మీద, చెవుల మీద కుట్లు ఉన్నయి కానీ రెండు రోజులల్ల తేరుకున్నది.

అదే బరాత్‌కు ఇంకొకల గుర్రం వచ్చింది. దాన్ని ట్రాలీ ఆటోకు కట్టి ఉంచిన్రు. మనుషులందరు హాల్లకు ఉరికిన్రు. దాని తాడు ఎవరూ ఇప్పలే. అది బతకలే.

కట్టేసిన గుర్రం సగం చచ్చిన గుర్రమే. నేను అప్పటి నుంచి లాగితే ఊడే ముడి తప్ప వేరే ముడి వేయనియ్య.

కాజీపేట_చిన్నోడు
కాకా, పెళ్లి ఏమైంది మరి?

నుక్రా_వాలా
అయింది. ఫోటోలల్ల పెళ్లికొడుకు కన్ను ఒకటే కనబడుతది.

స్వారీ_మేడమ్
నేను పిల్లలకు, పెద్దలకు స్వారీ నేర్పుతాను. అసలు ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే దీనికి సగం సమాధానాలు విని చాలామంది దెబ్బ తింటారు.

ఒకటో రెండో ఈగలు వచ్చి నుదుటికి కొట్టుకుంటున్నాయంటే అవి కాపలా ఈగలు. చేతులు ఊపొద్దు, వాటిని కొట్టొద్దు. కొట్టి చంపితే వచ్చే వాసన మిగతావాటిని పిలుస్తుంది. గుర్రాన్ని తిప్పి, వచ్చిన దారినే నడకలో వెనక్కి వెళ్లండి. చాలాసార్లు కథ అక్కడితోనే అయిపోతుంది.

గుంపు లేచి కుట్టడం మొదలైతే మాత్రం దూరం ఒక్కటే మందు. గుర్రం మీ మాట వింటున్నంతసేపు దాని మీదే ఉండండి. మీరు పరుగెత్తే దానికంటే అది చాలా వేగంగా మిమ్మల్ని బయటికి తీసుకెళ్తుంది. నేరుగా ఒకే దిక్కుకు వెళ్లాలి. వంకర్లు తిరిగితే ఈగలకే లాభం. దారి చదునుగా ఉంటే దౌడు, రాళ్ల దిగుడు అయితే దుల్కీ (నడకకూ దౌడుకూ మధ్య చిన్న పరుగు) చాలు, గుర్రం పడితే ఇద్దరి పనీ అయిపోతుంది. కొండ తేనెటీగ వందల మీటర్లు వెంటపడుతుంది. కాబట్టి యాభై గజాలు వచ్చి "హమ్మయ్య" అని ఆగి వెనక్కి చూడొద్దు.

కొత్తవాళ్లు చేసేది ఏమిటంటే, భయంతో పగ్గాలు బిగబట్టి మడమలతో పొడుస్తారు. గుర్రానికి ఆగమనా, పొమ్మనా? అది నిలబడ్డచోటే తిరుగుతుంది, లేదా వెనక కాళ్లు విసురుతుంది. పైన కాకా చెప్పింది సరిగ్గా అదే. గుర్రం అలా తిరగడం మొదలుపెట్టి రెండు క్షణాల్లో ముందుకు కదలకపోతే ఇక మాట వినదు. అప్పుడు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసేసి, దిగి, పగ్గాలు వదిలేయండి. పగ్గం చేతికి చుట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈరోజే మానుకోండి. దిగాక గుర్రం పోయిన వైపు మీరు పోవద్దు. ఈగలు ఎక్కువగా దాని వెంటే ఉంటాయి. మీరు వేరే దిక్కుకు, ముఖం చొక్కాతోనో చున్నీతోనో కప్పుకుని, కాళ్ల ముందు నేల కనబడేంత సందు ఉంచుకుని పరుగెత్తండి. వాహనం గానీ ఇల్లు గానీ దొరికితే లోపలికి వెళ్లి తలుపు వేసుకోండి.

గుట్టలబాట
మేడమ్, వదిలేస్తే అది రోడ్డెక్కి లారీ కింద పడితే? నాకు ఆ భయమే ఎక్కువ. దిగి పగ్గం పట్టుకుని పక్కనే పరుగెత్తితే కుదరదా?

స్వారీ_మేడమ్
కుట్లు పడుతున్న గుర్రాన్ని నేల మీద నుంచి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. మీ భుజం ఊడుతుంది, లేదా అది మీ మీదే పడుతుంది. రోడ్డు భయం నిజమే, కాదనను. దానికి దారి ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. హైవేకి ఆనుకుని ఉన్న తుట్టెల చెట్టు కింద నుంచి పోయే దారి అసలు పెట్టుకోవద్దు. గుర్రం మెడపట్టీకి మీ ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల కట్టండి, ఊరివాళ్లకు దొరికితే ఫోన్ చేస్తారు.

నుక్రా_వాలా
గుర్రం ఇంటికే పోతది మేడమ్. కొత్తగ కొన్నదైతే చెప్పలేం.

పరకాల_రైతుబిడ్డ
ఇంత చర్చ ఎందుకండీ? అమావాస్య రాత్రి వెళ్లి ఆ తుట్టెలకు నిప్పు పెడితే ఒక్క రాత్రితో పని అయిపోతుంది. మా ఊళ్లో స్కూల్ దగ్గర అలాగే చేశారు.

ఏటూరునాగారం_తేనె
చేసిన్రు సరే, మరుసటి ఏడు రాలేదా అవి? జాగ మంచిగున్నంతసేపు వస్తనే ఉంటయి. ఎండాకాలం గుట్టల ఎండాకు మోకాలి మందం ఉంటది. కాగడా రవ్వ పడితే తుట్టె కాదు, గుట్టే కాలుతది. రిజర్వ్ ఫారెస్ట్‌ల నిప్పు పెట్టుడు నేరం. కాలిన తుట్టెల నుంచి తప్పించుకున్న ఈగలు తెల్లారి ఆ దారి పొంటి పోయే పశువుల కాపరిని కుడుతయి, నిన్ను కాదు. మీ పొలంల పొద్దుతిరుగుడు గింజ పట్టేది ఎట్లనో కూడా ఆలోచించు అన్నా.

పరకాల_రైతుబిడ్డ
స్కూల్ పిల్లలున్నచోట ఏం చేయమంటారు మరి? చేతులు కట్టుకుని కూర్చోవాలా?

ఏటూరునాగారం_తేనె
స్కూల్ సంగతి వేరే, ఒప్పుకుంట. అక్కడ పని తెలిసినోళ్లను పిలిచి, పిల్లలు లేని రాత్రి పొగ పెట్టి తీయించాలె. కానీ గుట్ట వాటి ఇల్లు. అక్కడ పక్కకు తప్పుకోవాల్సింది మనమే.

మామునూరు_పశువైద్యం
పశువైద్యుడిగా గుర్రం గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇది చాలామందికి తెలియని విషయం.

గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు. ముక్కు ఒక్కటే దారి. మనిషికి ముక్కు వాస్తే నోరు తెరుస్తాడు, గుర్రానికి ఆ వసతి లేదు. ఈగలు వెచ్చటి ఊపిరి వచ్చే చోటుకే వస్తాయి కాబట్టి ముక్కుపుటాలు, పెదాలు, కంటి చుట్టూ, చెవుల లోపల ఎక్కువ కుట్లు పడతాయి. ముక్కుపుటాలు వాచి మూసుకుపోతే విషం కంటే ముందు ఊపిరాడకే ప్రాణం పోతుంది. నేను చూసిన ఒక ఆడగుర్రానికి పుటాలు వేలు పట్టనంతగా మూసుకుపోయాయి. ప్రతి ఊపిరికీ ఈల వేసినట్టు శబ్దం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది.

అందుకే మీ జీను సంచిలో రెండు గొట్టాలు పెట్టుకోండి. పెద్ద సిరంజి తీసుకుని, పిస్టన్ తీసేసి, సూది గుచ్చే కొన కోసేస్తే వచ్చే గొట్టం సరిపోతుంది. కోసిన అంచు గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. లేదా తోటకు నీళ్లు పట్టే మెత్తటి పైపు జానెడు ముక్క. వాపు మొదలవుతోందని తెలియగానే, ఇంకా సందు ఉండగానే, ఒక్కో పుటంలో ఒక్కోటి పెట్టి బయటి కొసను టేపుతో అంటించాలి. పూర్తిగా మూసుకున్నాక పెట్టడం దాదాపు కుదరదు. బలవంతంగా తోయకండి. డాక్టర్ వచ్చేదాకా ఊపిరి ఆడటానికే ఇది. మామూలు రోజుల్లో మీకు తెలిసిన పశువైద్యుడి దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. భయపడ్డ గుర్రం ముక్కులో మొదటిసారి ప్రయోగం చేయొద్దు.

ముళ్ల సంగతి. తేనెటీగ కుట్టాక ముల్లు, దాని విషపు తిత్తి చర్మంలోనే ఉండిపోతాయి. దగ్గరగా చూస్తే ఆ తిత్తి ఇంకా కొట్టుకుంటూనే కనబడుతుంది. విషం దాదాపు అంతా మొదటి నిమిషంలోపే దిగిపోతుంది. కాబట్టి గోటితో గీకాలా, పట్టకారుతో లాగాలా అని వాదించుకోవద్దు, ఏది త్వరగా అయితే అది. గుర్రం ఒంటి మీద వందల ముళ్లుంటే మాలీషు బ్రష్‌తో వెంట్రుకల వాలుకు గీకేయండి. కానీ ఇదంతా ఈగల నుంచి పూర్తిగా దూరం వచ్చాకే. ముల్లు నుంచి వచ్చే వాసన పండిన అరటిపండు వాసనలా ఉంటుంది. ఆ వాసన ఉన్నంతసేపు దగ్గర్లో ఈగలుంటే మళ్లీ వస్తాయి.

జూలులో, తోకలో, జీను కింద ఈగలు చిక్కుకుని ఉంటాయి. అందుకే గుర్రం ఇంకా గంతులు వేస్తుంది. సబ్బు నీళ్లు చల్లితే ఈగలు చచ్చిపోతాయి, మామూలు నీళ్లకు చావవు. పొలంలో మందు కొట్టే పంపు వాడొద్దు, అందులో పురుగుమందు మిగిలి ఉంటుంది. కొత్త పంపు ఒకటి లాయంలో ఉంచుకోండి. జీను తీసి చల్లటి నీళ్లతో కడగండి.

వాపు తగ్గే ఇంజెక్షన్లు మెడికల్ షాపులో కొని మీరే పొడవకండి. సూడి గుర్రాలకు కొన్ని పడవు. తెలంగాణలో పశువుల అంబులెన్స్ నంబర్ 1962, ఫోన్‌లో పెట్టుకోండి. కుట్లు ఎక్కువ పడ్డ గుర్రం ఆ రోజు బాగానే కనబడినా తర్వాతి రెండు మూడు రోజులు మూత్రం రంగు గమనించండి. ఎర్రగా గానీ కాఫీ డికాక్షన్ రంగులో గానీ వస్తే కిడ్నీల మీద భారం పడుతున్నట్టు, వెంటనే చూపించాలి.

కాజీపేట_చిన్నోడు
డాక్టర్ గారూ, మరి గుర్రానికి ముఖం మీద దోమతెర లాంటి మాస్క్ వస్తుంది కదా, అది వేస్తే?

మామునూరు_పశువైద్యం
మామూలు ఈగలకు, దోమలకు బాగుంటుంది. తేనెటీగలు లేచినప్పుడు ఒకటి లోపల దూరిందంటే బయటికి రాలేక కంటి దగ్గరే కుడుతుంది, గుర్రం పిచ్చెక్కినట్టు చేస్తుంది. ముక్కు ఎలాగూ బయటే ఉంటుంది. నేనైతే తుట్టెలున్న దారిలో వేయను.

నుక్రా_వాలా
నేను వేస్త. మా గుర్రాలకు కళ్లు కాపాడుకునుడు ముఖ్యం. డాక్టర్ సార్ మాట కాదంటలేను గానీ, ముక్కు వాస్తే గొట్టం పెట్టొచ్చు, కన్ను పోతే ఏం పెడుతం?

మామునూరు_పశువైద్యం
మీ అనుభవం మీది కాకా. వేస్తే చెవులతో సహా బిగుతుగా పట్టేది వేయండి, ఒక్క గుంజుకు ఊడేలా ఉండాలి.

నర్సమ్మ_హన్మకొండ
మనుషుల గురించి రెండు మాటలు. నేను క్యాజువాలిటీలో పనిచేస్తాను. ఉల్లిపాయ రుద్దుకుని, సున్నం పూసుకుని గంటసేపు ఆగి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పూసుకోండి, వద్దనను, కానీ ఆటోలో వస్తూ పూసుకోండి.

కుట్టిన చోట నొప్పి, వాపు వస్తే అది మామూలే. కుట్టని చోట దద్దుర్లు లేవడం, గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, ఊపిరి కష్టమవడం, కళ్లు తిరగడం, వాంతులు, ఇవి ఒక్క కుట్టుకే వచ్చినా అలర్జీ. వెంటనే 108. తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. కళ్లు తిరిగేవాళ్లను నడిపించొద్దు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి. తగ్గిందని ఇంటికి పంపించేయకండి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు. అలర్జీ లేకపోయినా డజన్ల కొద్దీ కుట్లు పడితే ఆసుపత్రిలో చూపించుకోవాల్సిందే. పిల్లలకైతే ఇంకా తక్కువకే ప్రమాదం.

స్వారీకి వచ్చేవాళ్లలో ఎవరికి ముందే అలర్జీ ఉందో బయలుదేరే ముందు అడగండి. ఆ మాట ఎవరూ అడగరు.

స్వారీ_మేడమ్
బాగా చెప్పారు నర్సమ్మ గారూ. ఇంకొకటి మర్చిపోయాను. తుట్టె పైన ఉంటే కనబడుతుంది. నేలలో, పుట్టల్లో గూడు పెట్టే కందిరీగలు కనబడవు. మొదటి గుర్రం డెక్క పడి గూడు కదులుతుంది, అది దాటిపోతుంది, కుట్లు మూడో గుర్రానికో నాలుగో గుర్రానికో పడతాయి. కొత్తవాళ్లను అందరికంటే వెనక పెట్టడం మన అలవాటు. అందుకే పాపం ఎప్పుడూ వాళ్లకే తగులుతుంది. కొత్తవాళ్లను రెండో స్థానంలో పెట్టండి.

ముందే ఒక మాట అనుకోండి. ఎవరు చూసినా "ఈగలు!" అని ఒక్క కేక, అంతే. గూడు దాటినవాళ్లు ముందుకే పోవాలి, దాటనివాళ్లు వెనక్కి. ఒకరి కోసం ఒకరు మధ్యలో ఆగొద్దు. ఎక్కడ కలుసుకోవాలో కూడా పొద్దున్నే అనుకోవాలి. నడకలో ఉన్న గుర్రం మీద నుంచి గబుక్కున దిగడం ఇసుకలో సాధన చేయించండి.

గుట్టలబాట
సెంటు, నూనె, నల్ల బట్టలు వద్దంటారు. మా గుర్రాల్లో రెండు నల్లవే, వాటిని ఏం చేయను!

ఏటూరునాగారం_తేనె
సున్నం వేయకు అన్నా, నర్సమ్మ తిడుతది. రంగు సంగతి నిజమే, ముదురు రంగు మీదికి, వెంట్రుకల మీదికి ఎక్కువ వస్తయి. కానీ అసలు కారణం మీరు కాకపోవచ్చు. తేనె తినే గద్ద ఒకటుంటది, తుట్టెను తన్ని పోతది. అది చేసిన పనికి కింద పోయేటోడు కుట్లు తింటడు. కోతులు, రాళ్లేసే పోరగాళ్లు కూడా అంతే. పైన గద్ద తిరుగుతుంటే ఆ రోజు ఆ దారి పోవద్దు. ఎండ ముదిరినంక, పూత అయిపోయినంక ఈగకు చిరాకు ఎక్కువ. చల్లటి పూట పోయి తొమ్మిదిలోపల తిరిగి రండి. తుట్టె కింద పాటలు, ఫోటోలు, బీడీ పొగ ఏమీ వద్దు.

పరకాల_రైతుబిడ్డ
గద్ద సంగతి నేను చూశాను, మా మామిడితోటలో. దాని మీద ఈగలు వాలినా లెక్కచేయదు.

గుట్టలబాట
సరే, మేం నలుగురం మాట్లాడుకున్నాం. చరియ వైపు దారి వానలు పడేదాకా బంద్. చెరువు కట్ట పక్క నుంచి పొలాల మీదుగా పోతాం. అక్కడ పెద్ద చెట్లు తక్కువ, దౌడుకు జాగా ఉంది. మర్రిచెట్టు కింద ఆగడం కూడా మానేస్తున్నాం. ఆదివారం బయలుదేరే ముందు మేడమ్ చెప్పిన దిగుడు సాధన. పైపు ముక్కలు నేను కోసి తెస్తాను. టేపు, మంచి బ్రష్ ఎవరైనా తెండి.

కాజీపేట_చిన్నోడు
టేపు నాది అన్నా. బ్రష్ కాకాను అడుగు, ఆయన దగ్గర డజను ఉంటాయి.

నుక్రా_వాలా
ఇస్త గానీ వాపస్ తేవాలె. పోయిన సారి తీస్కపోయిన జీనుపట్టీ ఇంకా రాలే.